రాజ్యాధికారపు ఎల్లలు: హైదరాలీ జీవితము

(ధ్యానమునకు: 1 రాజులు 21, దానియేలు 4, రోమా 13 అధ్యాయములు)



చిత్తూరునకు సమీపమున నరసింగరాయనిపేట యనుచోట, 1782వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన, దండు విడిసిన డేరాలో ఒక గొప్ప ప్రభువు మరణించెను. ఆయన మైసూరు నేలిన హైదరాలీ. ఆయన పేరు మన పెద్దలు చెప్పగా వినియున్నాము గాని, ఆయన జీవితమును వాక్యపు వెలుగులో చూచినవారు కొద్దిమంది. ఈ నెల ఆ పని చేయ తలంచితిమి.

సార్వభౌమాధికారమను మాట ఎన్నికల సభలలోను వార్తలలోను తరచుగా వినబడుచున్నది. ఒక రాజ్యము తన పొలిమేరలలోపల మరియొకరి సెలవు అడుగక తన్నుతాను ఏలుకొను అధికారమునకే ఆ పేరు. ప్రభుత్వము ఏమి చేసినను చెల్లునని కొందరు, క్రైస్తవునికి ప్రభుత్వముతో పనియే లేదని మరికొందరు మన సంఘములలో అనుచుందురు. ఈ రెండు మాటలును సరియైనవి కావని ఈ జీవితము మనకు నేర్పును.

హైదరాలీ ఇంచుమించు 1720వ సంవత్సరమున కోలారు సీమలోని బూదికోటలో పుట్టెను. తండ్రి ఫతే మహమ్మదు సిపాయి. కుమారుడు పసివాడై యుండగనే యుద్ధములో కూలెను. హైదరాలీకి చదువను వ్రాయను రాదు. అయినను జ్ఞాపకశక్తియు ధైర్యమును మెండు. మైసూరు కొలువులో చేరి, 1749లో దేవనహళ్లి ముట్టడియందు పేరు పొంది, 1755లో దిండిగల్లునకు ఫౌజుదారై, 1761 నాటికి రాజ్యమంతయు తన చేతిలోనికి తెచ్చుకొనెను. మతభేదము చూడక సమర్థులకు కొలువు ఇచ్చెను. మన ప్రాంతమందలి గుర్రంకొండ దుర్గమును ఆయన బావమరిది మీర్ రజా అలీఖాన్ ఏలెను.

అయితే సింహాసనముమీద ఒడయరు వంశపు రాజే కూర్చుండెను. దసరా పండుగకు ప్రజలకు ఆ రాజు దర్శనము కలుగుచుండెను. ఆజ్ఞ మాత్రము హైదరాలీది. ఖండేరావు అను ఉద్యోగి, ఒకప్పుడు ఆయనకు సహాయుడైనవాడు, ఎదురు తిరిగి ఓడిపోయెను. అంతఃపురమువారు అతని ప్రాణముకొరకు బతిమాలగా, చిలుకను పెంచినట్లు పెంచెదనని హైదరాలీ మాట యిచ్చెనట. పిమ్మట అతనిని ఇనుప పంజరములో పెట్టి పాలును అన్నమును ఇప్పించెనని చరిత్రకారులు వ్రాసిరి. అడ్డుచెప్పువాడు లేని అధికారము మాట నిలుపుకొనుచునే దయను చంపగలదు.

ఇతరులు తనకిచ్చిన మాట తప్పినప్పుడు ఆ నొప్పి హైదరాలీకిని తెలిసెను. 1769 ఏప్రిలులో మద్రాసు ముంగిట దిగి ఇంగ్లీషు కంపెనీవారిచేత సంధి చేయించెను. ఒకరిమీదికి శత్రువు వచ్చినయెడల రెండవవారు తోడురావలెనని అందలి షరతు. కొద్దికాలమునకే మరాఠాలు మైసూరుమీదికి వచ్చిరి. కంపెనీవారు రాలేదు. 1779లో ఆయన కడపను జయించిన పిమ్మట, కంపెనీ సైన్యమొకటి ఆయన అనుమతి లేకయే ఆ సీమగుండా నడువబోయెను. అదే సంవత్సరము, తన రక్షణలో నున్నదని ఆయన చాటిన మాహే రేవును కంపెనీవారు పట్టుకొనిరి. తన నేలమీద తన సెలవు లేక పరులు నడచుట ఏ రాజునకైనను అవమానమే. ఈ విషయమున ఆయన కోపము న్యాయమైనదని ఒప్పుకొనవలెను.

అప్పుడు మద్రాసు గవర్నరు సమాధానపు మాటలు చెప్పుటకు తంజావూరి మిషనెరీ ష్వార్ట్సు అయ్యగారిని శ్రీరంగపట్టణమునకు పంపెను. జర్మను దేశస్థుడైన ఈ దైవజనుడు 1750లో మన దేశమునకు వచ్చినవాడు. హైదరాలీ ఆయనను మర్యాదతో చేర్చుకొని, తన దండులోని ఐరోపా సిపాయిలకు ఆరాధన జరిపించుకొననిచ్చెను. దారి ఖర్చులకు ఇచ్చిన ధనమును అయ్యగారు తన సంచిలో వేసికొనక, పేద పిల్లల బడికి చేర్చిరి. రాయబారము మాత్రము ఫలింపలేదు.

1780 జూలైలో హైదరాలీ ఇంచుమించు 80,000 సైన్యముతో కనుమలు దిగి కర్ణాటక సీమమీద పడెను. సెప్టెంబరు 10న పొల్లిలూరువద్ద కంపెనీ సేనను నాశనము చేసెను. ఆయన పగ కంపెనీమీద. శిక్ష మాత్రము రైతుమీద పడెను. ఊళ్లు తగులబడెను, పైరులు పాడాయెను, పశువులు పోయెను, కరవు వచ్చెను. పొలములో నాగలి పట్టినవాడు సంధి వ్రాయలేదు, సంధి మీరలేదు. ఒక రాజ్యపు హక్కు ఎంత న్యాయమైనదైనను, దాని పేరిట నిరపరాధుల కూడు తీసివేయుటకు దేవుడు ఎవరికిని సెలవియ్యలేదు.

ఆ దినములలో తంజావూరు కోటలో ధాన్యము లేకపోయెను. రైతులయొద్ద ధాన్యమున్నది గాని, మునుపు సొమ్ము ముట్టనందున రాజుగారి మాటను వారు నమ్మలేదు. ష్వార్ట్సు అయ్యగారు పూచీపడగా ఎడ్లు కదలెను, ధాన్యము వచ్చెను. ఆయన వారికి పైకము చెల్లించెను. ఆయన మున్ముందుగా కొని నిలువచేసిన బియ్యముతో ఆకలిగొన్నవారు అనేకులు బ్రదికిరి. హైదరాలీయు, యుద్ధము నడుచుచుండగనే, ఈ పాదిరిని ఎవరును ఆటంకపరచకూడదని తన సేనలకు ఆజ్ఞ యిచ్చెను. సైన్యములున్న ప్రభుత్వముల మాట చెల్లనిచోట, సైన్యము లేని సేవకుని మాట చెల్లెను. నమ్మకమును ఏ రాజును ఆజ్ఞాపించి పుట్టింపలేడు. అధికారమునకు అదియొక ఎల్ల.

1781లో పరంగిపేటవద్దను, మనకు దాపుననున్న షోలింగరువద్దను హైదరాలీ ఓడెను. అయినను యుద్ధము మానలేదు. మరుసటి సంవత్సరము ఆయన వీపున రాచపుండు లేచెను. ఏ వైద్యమును పనిచేయలేదు. కుమారుడు టిప్పు దూరమున మలబారులో నుండెను. దండు చెదరిపోవునని భయపడి మంత్రులు మరణవార్తను దాచిరి. దేహమును పెట్టెలో ఉంచి, ఖజానా సొమ్ము తరలించునట్లుగా కోలారునకు పంపిరి. టిప్పు వచ్చువరకు, చనిపోయినవాడు బ్రదికియున్నట్లే ఆయన పేరిట పనులు నడిచెను. ఎవరి సెలవును అడుగని ప్రభువును మరణము సెలవు అడుగలేదు.

ప్రియులారా, నాబోతు ద్రాక్షతోట కథను ఈ జీవితముతో కలిపి చదువుడి. అహాబు రాజే, అయినను పేదవాని పిత్రార్జితపు గట్టువద్ద అతని అధికారము ఆగవలసియుండెను. ఆగనందున ఏలీయా వచ్చెను. నెబుకద్నెజరు తన పట్టణమును చూచి అతిశయించి, పశువులతో గడ్డిమేసి, పైనున్నవానిని తెలిసికొనెను. పౌలు భక్తుడు అధికారిని దేవుని పరిచారకుడనెను. పరిచారకునికి యజమానుడుండును గదా!

మన దేశములో 1950 జనవరి 26 నుండి సార్వభౌమత్వము ఏ రాజవంశమునకును చెందక ప్రజలదైనది. ఆ అధికారమునకును రాజ్యాంగము కంచె వేసినది. ప్రాథమిక హక్కులను హరించు శాసనము చెల్లదని 13వ అధికరణము చెప్పుచున్నది. మనస్సాక్షి స్వేచ్ఛను 25వ అధికరణము కాపాడుచున్నది.

కాబట్టి పన్ను చెల్లించుదము, చట్టమును గౌరవించుదము, అధికారులకొరకు ప్రార్థించుదము. మనస్సాక్షిని మాత్రము దేవునికే అప్పగించుదము. పంచాయతీలో ఒక పేదవాని పొలము గట్టు జరుపబడునప్పుడు, అతడు మన సంఘమువాడు కాకపోయినను, ఊరకుండవద్దు. ఓటు అమ్ముకొనవద్దు; మనకును అధికారములో పాలున్నది గనుక దానికి దేవునియెదుట లెక్క చెప్పవలెను. సర్పంచులైనను, సంఘపెద్దలైనను, మేము కాపరులమైనను, ఇచ్చిన మాటను పేదవానికి మేలు కలుగునట్లు నిలుపుకొనుటకు ప్రభువు మనకందరికిని కృప దయచేయునుగాక. ఆమేన్.