మూసీకి చోటు చూపిన మోక్షగుండం వారు

మనలో కొన్ని కుటుంబాలకు పూర్వీకుల ఊరి జ్ఞాపకంగా మిగిలినది ఇంటిపేరు ఒక్కటే. మూడవ తరం వారమైన మాకు ఆ సంగతి అనుభవమే. అందువల్లనే సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పేరు వింటే మాకు మనవారు అనిపిస్తుంది. మోక్షగుండం గిద్దలూరు ప్రాంతంలోని ఊరు. వారి పూర్వులు ఏనాడో అక్కడి నుండి మైసూరు రాజ్యానికి తరలివెళ్ళారు. విశ్వేశ్వరయ్య గారు జన్మించినది ముద్దెనహళ్ళిలో. ఊరు దూరమైనా పేరు వారితోనే ఉండిపోయింది.

చిన్ననాడే తండ్రి పోయారు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగుళూరులో చదివి, 1881లో బి.ఎ. పట్టా పుచ్చుకున్నారు. తరువాత పూనాలో ఇంజనీరింగు చదివి బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. పూనా దగ్గర ఖడక్‌వాస్లా ఆనకట్టకు 1903లో వారు రూపొందించిన తలుపులు అమర్చారు. నీరు హద్దు దాటితే అవి వాటంతట అవే తెరుచుకుంటాయి, వరద తీయగానే మూసుకుంటాయి. ఆనకట్టను ఎత్తు చేయకుండానే ఎక్కువ నీరు నిలిచింది.

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ నది పొంగింది. కుండపోత వానకు ఎగువనున్న చెరువులు ఒకదాని వెనుక ఒకటి తెగి, ఆ నీరంతా నగరం మీద పడింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. అఫ్జల్‌గంజ్‌లోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు నూటయాభై మంది బ్రతికి బయటపడ్డారు. ఆ చెట్టును హైదరాబాదు వారు నేటికీ చూపుతారు.

నిజాం ప్రభుత్వం ఆహ్వానించగా విశ్వేశ్వరయ్య గారు 1909లో వచ్చారు. అప్పటికి బొంబాయి కొలువు విడిచి విదేశాలలో పర్యటిస్తున్నారు. నగరంలో గోడలు ఎత్తు చేస్తే చాలునని వారు అనుకోలేదు. వాన లెక్కలు సేకరించారు, చెరువులను పరిశీలించారు. మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలని సలహా ఇచ్చారు. వరదను అక్కడ పట్టి ఉంచి, నది ఓర్చుకోగలిగినంత నీటినే క్రిందికి వదలాలి. అవే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. వరద కోసం తలపెట్టిన ఆ జలాశయాలే నగరానికి త్రాగునీరు కూడా ఇచ్చాయి. ముంచిన నీరే దాహం తీర్చింది!

తరువాత వారు మైసూరులో కృష్ణరాజసాగరం పనులు నడిపించారు, 1912 నుండి 1918 వరకు దివాను పదవిలో ఉన్నారు. 1955లో భారతరత్న అందుకున్నారు. నూరేళ్ళు దాటిన నిండు జీవితం గడిపి 1962లో కన్నుమూశారు. వారి జన్మదినమైన సెప్టెంబరు 15ను భారతదేశం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నది.

ఇక్కడి మన పిల్లలకు ఈ కథ పాతది కాదు. 2013 జూన్‌లో బో, ఎల్బో నదులు పొంగి కాల్గరీ నగరం మునిగింది. దాని తరువాత ఎల్బో నదికి ఎగువన, ప్రక్కగా, స్ప్రింగ్‌బ్యాంక్ జలాశయం కట్టారు. అది మామూలు రోజులలో ఖాళీగా ఉంటుంది, వరద వస్తే నీటిని పట్టుకుంటుంది. అదే ఆల్బర్టాలో కొన్నేళ్ళు కరువు కూడా చూశాము. వాతావరణం మారుతున్న కొద్దీ అతివృష్టి, అనావృష్టి రెండూ ఒకే ఇంటి తలుపు తడుతున్నాయి.

అయితే పెద్దలు కట్టి ఇచ్చినంత మాత్రాన సరిపోదు. 2020 అక్టోబరులో హైదరాబాదులో మళ్ళీ చెరువులు తెగి కాలనీలు మునిగాయి. నీరు పారవలసిన దారులలో ఇళ్ళు లేచాయి. నీటికి చోటు మనము ఇవ్వకపోతే అదే తీసుకుంటుంది.

ఇంటిపేరు మోసినట్లే ఈ తెలివిని కూడా ముందు తరానికి అందించవలసిన వారము మనమే. ఈ ఉత్సవ సమయాన మా పిల్లలకు మేము కోరేది ఇంతే: మీ ఊరి నది పేరు తెలుసుకోండి, పొంగితే అది ఎక్కడికి పోతుందో తెలుసుకోండి.