డాక్టరు టాలిమెరెన్ ఆవో

మా పాఠశాల బాలురలో ఫుట్‌బాల్ ఆడనివారు అరుదు. సాయంకాలపు గంట మ్రోగిన తోడనే ఆటస్థలమునకు పరుగిడు బిడ్డలను చూచి కొందరు తల్లిదండ్రులు సంతసింతురు. మఱికొందరు ఈ ఆటవలన చదువు చెడునేమో యని చింతింతురు. ఈ ఉభయులును తెలిసికొనదగిన జీవితమొకటి మన దేశ చరిత్రమునందే కలదు. స్వతంత్ర భారతదేశము తరపున మొట్టమొదట ఒలింపిక్ పందెములలో ఆడిన ఫుట్‌బాల్ జట్టునకు నాయకుడై, పిమ్మట తన జీవితమును రోగుల సేవకు అర్పించిన డాక్టరు టాలిమెరెన్ ఆవో చరిత్రమును ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మన దేశపు ఈశాన్య దిక్కున బర్మా సరిహద్దును ఆనుకొని నాగా కొండలు కలవు. ఆ కొండలు అప్పుడు అస్సాములో చేరియుండెను. అచట నివసించు పెక్కు తెగలలో ఆవోలు ఒక తెగవారు. వారి గ్రామమైన చాంకిలో 1918వ సంవత్సరము జనవరి 28వ తేదీన టాలిమెరెన్ జన్మించెను. తండ్రి సుబోంగ్వతి నింగ్దారి క్రైస్తవ సంఘమునకు కాపరి. సంతానము పెద్దది, కలిమి స్వల్పము. కుటుంబము కొంతకాలమునకు ఇంపూరు చేరెను. ఇంపూరు 1894లో అమెరికను బాప్తిస్టు మిషనువారు ఆవోల నడుమ స్థాపించిన కేంద్రము. అచటి పాఠశాలయందు బాలుడు అక్షరములు దిద్దెను. అచటి ఆటస్థలమునందే బంతిని తన్నుటయు నేర్చెను. తోలుబంతి దొరకని ఆ దినములలో గుడ్డపీలికలను చుట్టి కట్టిన ఉండయే వారికి బంతి.

జోర్హాటులో చదువు సాగించిన పిమ్మట ఆయన 1933లో గౌహతియందలి కాటన్ కళాశాలలో చేరెను. కళాశాల జట్టులో ఆయన పేరు త్వరలోనే మ్రోగెను. పరుగులలోను, దుముకుటలోను, బల్లెము విసరుటలోను గూడ ఆయన ముందుండెను. ఇట్లు కీర్తి మొలకెత్తుచున్న కాలముననే, 1935లో, తండ్రి టైఫాయిడు జ్వరముచే మరణించెను. కుమారుడు వైద్యుడై తన నాగా ప్రజలకు సేవ చేయవలెనన్నది ఆ తండ్రి తుదికోరిక. ఒక్క జ్వరము తగిలిన చాలు, వైద్యుడు కానరాక ఎన్నియో ప్రాణములు పోవుచుండిన కొండలవి. కావున ఆ కోరికయందు ఒక యింటి దుఃఖము మాత్రమే గాక, ఒక దేశభాగపు కొఱతయు నిండియుండెను. అప్పటికి టాలిమెరెన్ వయస్సు పదునేడేండ్లు.

ఆ మాట నెరవేర్చుటకు మార్గము సులభముగా తెరువబడలేదు. 1942లో ఆయన కలకత్తాలోని కార్మైకేల్ వైద్య కళాశాలలో ప్రవేశించెను. ఆర్. జి. కర్ వైద్య కళాశాల యని తరువాత పేరు మార్చబడినది ఇదియే. మఱుసటి సంవత్సరముననే మోహన్ బగాన్ సంఘమువారు ఆయనను తమ జట్టులోనికి చేర్చుకొనిరి. 1911లో బూట్లు లేని పాదములతో ఆడి, ఆంగ్ల సైనికుల జట్టును ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచినది ఈ సంఘమే. అట్టి సంఘమునందు చోటు దొరకుటయే గౌరవము. టాలిమెరెన్ దానికి నాయకుడు గూడ నయ్యెను. ఆయన ఆడుచోటు హాఫ్‌బ్యాకు. అనగా ఎదుటివారి దాడిని నడుమనే అడ్డగించి, బంతిని కైవసము చేసికొని, ముందువారికి అందించుట ఆయన పని. గోలు కొట్టిన కీర్తి ఇతరులకు దక్కును. ఆటనంతయు మోయు శ్రమ మాత్రము ఇతనిది.

వైద్యవిద్య కఠినమైనది, పెద్ద సంఘములో ఆట గూడ కఠినమైనదే. రెంటిని కలిపి మోయు వానికి కాలము ఎక్కువ పట్టుట సహజము. 1942లో కళాశాల చేరిన ఆయన 1950లో గాని ఎం.బి.బి.ఎస్. పట్టము పొందలేదు. అయినను ఈ ఎనిమిదేండ్లలో ఆయన ఆటను విడువలేదు, చదువును విడువలేదు.

ఆ కాలముననే 1948వ సంవత్సరపు ఒలింపిక్ పందెములు లండనులో జరిగెను. మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి ఏడాది నిండలేదు. ఆరంభోత్సవమున భారత క్రీడాకారులకు ముందు నడచి జాతీయపతాకమును మోసినవాడు ఈ కొండగ్రామపు కాపరి కుమారుడు. జూలై 31వ తేదీన ఇల్ఫర్డులోని మైదానమునందు మనవారు ఫ్రాన్సు జట్టును ఎదుర్కొనిరి. మనవారిలో అధికసంఖ్యాకులు బూట్లు తొడుగకయే ఆడిరి. ఫ్రాన్సువారు మొదట ఒక గోలు చేయగా, మన సారంగపాణి రామన్ దానిని సరిచేసెను. మనకు దొరకిన రెండు పెనాల్టీ అవకాశములు వ్యర్థమయ్యెను. ఆట ముగియవచ్చుచుండగా ఫ్రాన్సువారు రెండవ గోలు చేసి గెలిచిరి. ఓటమియే యైనను సమానముగా పోరాడిన యా జట్టును చూపరులు మెచ్చిరి.

ఆ యాటలను చూచిన పిమ్మట ఆంగ్లదేశమున ప్రసిద్ధమైన ఆర్సెనల్ సంఘమువారు ఆయనను తమ జట్టులో చేరుమని ఆహ్వానించిరనియు, చదువు ముగింపవలసియున్నందున ఆయన అంగీకరింపలేదనియు చెప్పుదురు. ఆ మాట అటుండనిండు. లోకము ఎఱిగిన సంగతియొకటి కలదు: ఆయన తిరిగివచ్చి పరీక్ష ముగించెను, పట్టము చేతికి వచ్చిన పిదప కీర్తి దొరకు కలకత్తాను విడిచిపెట్టెను. డిబ్రూఘడ్ వైద్య కళాశాలలో చెవి, ముక్కు, గొంతు వ్యాధుల విభాగమున కొంతకాలము పనిచేసి, 1953లో కోహిమా చేరి సహాయ సివిల్ సర్జనుగా నియుక్తుడయ్యెను. పిమ్మట ట్వెన్సాంగులో సివిల్ సర్జనుగా ఉండెను. 1963 డిసెంబరు 1వ తేదీన నాగాలాండు ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడగా, ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖకు డైరెక్టరు పదవిని అలంకరించి, 1978లో విశ్రమించెను. 1998 సెప్టెంబరు 13వ తేదీన, ఎనుబదవ యేట, పరమపదించెను. 2018లో, ఆయన శతజయంతి సంవత్సరమున, భారత తపాలాశాఖవారు ఆయన పేర ముద్రికను వెలువరించిరి.

అంతటి ఆటగాడు అంత త్వరగా మైదానమును విడుచుట దేశమునకు నష్టము కాదా యని కొందరు బాలురు మమ్ము అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. దానికి ఉత్తరము తరువాతి చరిత్రమే చెప్పుచున్నది. 1951లో ఢిల్లీయందు మొదటి ఆసియా క్రీడలు జరుగగా, మోహన్ బగానులో ఆయనతోడి ఆటగాడైన శైలేన్ మన్నా నాయకత్వమున మన జట్టు ఇరాను జట్టును ఓడించి స్వర్ణపతకము గెలిచెను. జట్టునకు మఱియొక నాయకుడు దొరకెను. కొండలకు మఱియొక వైద్యుడు దొరకుట అంత సులభము కాదు. తాను లేకున్నను జరుగు పని యేది, తాను లేనిచో నిలిచిపోవు పని యేది యని తెలిసికొని ఆయన రెండవదానిని ఎన్నుకొనెను.

తల్లిదండ్రులారా, బంతిని చూచి భయపడకుడు. తండ్రి మాటను పదునైదేండ్లు మోసిన కుమారుని ఆ బంతి చెఱుపలేదు. విద్యార్థులారా, సాయంకాలము మనసార ఆడుడు. ఆట ముగిసిన పిమ్మట మీ కొరకు ఎవరు ఎదురుచూచుచున్నారో, వారిని మాత్రము మఱువకుడు.