డిచ్‌పల్లి డాక్టరమ్మ

మన ఉమ్మడి మెదక్ జిల్లాలో చదువుకున్నవాళ్లలో మెదక్ చర్చి చూడనివాళ్లు తక్కువ. ఎక్స్‌కర్షన్ అంటే ముందు చర్చి, తర్వాత ఏడుపాయలు. ఆ చర్చి కట్టించిన పోస్నెట్ దొర పేరు మనకు తెలుసు. అదే వెస్లియన్ మిషన్ తరఫున, అదే కాలంలో, ఇంకాస్త ఉత్తరాన డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల మధ్య బతికిన ఇసబెల్ కెర్ పేరు మాత్రం ఇటువైపు అంతగా వినబడదు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే కంపెనీ సంగతులు పక్కనపెట్టి ఆమె గురించే రాయాలనిపించింది.

ఆమె 1875లో స్కాట్లాండ్‌లో ఒక రైతు ఇంట పుట్టారు. ఆడవాళ్లు డాక్టరీ చదవడమే అరుదైన ఆ రోజుల్లో అబర్డీన్ యూనివర్సిటీలో చదివి 1903లో పట్టా తీసుకున్నారు. అదే ఏడాది జార్జ్ కెర్‌తో పెళ్లయింది. 1907లో భార్యాభర్తలిద్దరూ నిజాం రాజ్యానికి వచ్చారు, నిజామాబాద్ ప్రాంతంలో పని మొదలుపెట్టారు.

వైద్యం కోసం వచ్చేవాళ్లలో కుష్ఠురోగులూ ఉండేవాళ్లు. వాళ్లకు కట్టు కట్టి పంపాలంటే, ఎక్కడికి పంపాలి? ఊళ్లో చోటు లేదు, ఇంట్లో చోటు లేదు. జబ్బు కలిగించే సూక్ష్మజీవిని 1873లోనే హాన్సెన్ కనుక్కున్నా, మన ఊళ్లలో అది పాపఫలమే. 1911లో కెర్ దంపతులు వాళ్లకోసం చిన్న ఆశ్రయం ఒకటి తెరిచారు. అది త్వరలోనే చాలకుండా పోయింది. అప్పుడు రాజా నర్సాగౌడ్ ముందుకొచ్చి విరాళమిచ్చారు. ఆయన హిందువు, నడిపేది క్రైస్తవ మిషన్, రాజ్యం నిజాంది. ఈ మాట నేను కావాలనే ఇక్కడ రాస్తున్నాను. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి మొదలైంది.

మొదట్లో అక్కడ వైద్యం అంటే పుండ్లు కడగడం, తిండి పెట్టడం, నీడ ఇవ్వడం. అసలు మందే లేదు. 1920ల మొదట్లో కలకత్తాలో రోజర్స్, మ్యూర్ అనే డాక్టర్లు చాల్‌ముగ్రా జాతి గింజల నూనెను ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతిని మెరుగుపరిచారు. ఇసబెల్ దాన్ని డిచ్‌పల్లికి తెచ్చారు. నొప్పి పుట్టించే సూదులు, నెలల తరబడి వేయించుకోవాలి. తొలిదశలో వచ్చినవాళ్లలో కొందరికి మచ్చలు తగ్గి ఇంటికి వెళ్లగలిగారు. చావుకోసం ఎదురుచూసే చోటు ఆసుపత్రిగా మారింది. 1923లో ఆమెకు కైజర్-ఎ-హింద్ పతకం వచ్చింది.

ఇంజనీరుగా నాకు ఒక అనుమానం ఉండేది. ఆ నూనె అంత గొప్ప మందేమీ కాదని తర్వాత తేలింది. 1940లలో సల్ఫోన్ మందులు రాగానే అది మూలపడింది. మరి డిచ్‌పల్లిలో మనుషులు ఎలా కోలుకున్నారు? నాకు తోచిన జవాబు ఇది. ఈ జబ్బులో ముందు పోయేది స్పర్శ. కాలిందీ తెలియదు, కోసుకుందీ తెలియదు. వేళ్లు పోయేది చాలావరకు ఆ పట్టించుకోని గాయాలవల్లే. రోజూ చెయ్యి పట్టుకుని చూసే మనిషి ఉంటే, శుభ్రంగా కడిగి కట్టు కడితే, వేలు నిలుస్తుంది. అక్కడ తిండి ఉంది, తోటపని ఉంది, పక్కన కూర్చుని ప్రార్థించే సంఘం ఉంది. ఊరు వెలివేసిన మనిషిని పేరుపెట్టి పిలిచేవాళ్లున్నారు. సూది ఎంత పనిచేసిందో, ఇవీ అంతే పనిచేశాయని నా నమ్మకం. నేను చర్చికి వెళ్లేవాణ్ణి కాను, అయినా ఈ లెక్క కాదనలేను.

ఇది పాతకాలపు సంగతే కదా అనుకోవచ్చు. కొన్నేళ్ల క్రితం పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కాంట్రాక్టు కార్మికుడు ముంజేతి మీది మచ్చ కనబడకుండా ఎండాకాలంలో కూడా ఫుల్ చేతుల చొక్కా వేసుకునేవాడు. వేడి పైపు తగిలి బొబ్బ లేచినా అతనికి తెలియలేదు. తెలిస్తే అద్దెగది పోతుంది, పని పోతుందని భయం. ఇప్పుడు మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. జబ్బు తీరును బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది. అతను వాడాడు, నయమైంది. కానీ ఆ ఆరు నెలలూ అతని గదిలో తోడున్నవాళ్లు ఇద్దరే. వాళ్లిద్దరూ ఆదివారం ప్రార్థనలో పరిచయమైనవాళ్లు. మా షాపులో పక్కన పనిచేసేవాళ్లం మాత్రం ఒక్కరం వెళ్లలేదు. కుష్ఠు ఉందన్న కారణంతో విడాకులు అడిగే వీలును మన చట్టం తీసేసింది 2019లోనే.

ఇసబెల్ కెర్ 1930ల మొదట్లో డిచ్‌పల్లిలోనే హఠాత్తుగా కన్నుమూశారు. జార్జ్ ఆ తర్వాత కూడా కొన్నేళ్లు అక్కడే పని కొనసాగించారు. నాగ్‌పూర్ హైవే మీద కామారెడ్డి దాటి నిజామాబాద్ వైపు వెళ్లే మన బ్యాచ్‌వాళ్లు ఎవరైనా ఉంటే, డిచ్‌పల్లిలో ఒకసారి ఆగండి.