ఎగరడమంటే భయపడ్డ 'బర్డ్': జీన్ క్లార్క్ కథ

1972 చివర్లో హాలీవుడ్‌లోని వాలీ హైడర్ స్టూడియోలో ఐదుగురు పాత మిత్రులు మళ్లీ ఒకచోట చేరారు. రోజర్ మెగ్విన్, డేవిడ్ క్రాస్బీ, క్రిస్ హిల్‌మన్, మైకేల్ క్లార్క్, జీన్ క్లార్క్. ఏడేళ్ల కిందట అమెరికాను ఊపేసిన 'ద బర్డ్స్' బృందం వీరిదే. కొత్త ఆల్బమ్ కోసం జరిగిన ఈ కలయికలో అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకోవాల్సిన స్థితి జీన్‌ది. బృందానికి తొలి పాటల్లో ఎక్కువ భాగం రాసింది ఆయనే. అందరికన్నా ముందు బయటకు వెళ్లిపోయిందీ ఆయనే.

హెరాల్డ్ యూజీన్ క్లార్క్ 1944 నవంబర్ 17న మిస్సోరి రాష్ట్రంలోని టిప్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పదమూడు మంది సంతానంలో ఒకడు. గిటార్, హార్మోనికా తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. 1963లో 'న్యూ క్రిస్టీ మిన్‌స్ట్రెల్స్' అనే జానపద బృందంలో చేరాడు. అంతలో బీటిల్స్ పాట చెవిన పడింది. ఉద్యోగం వదిలేసి లాస్ ఏంజెలెస్ చేరాడు. అక్కడి ట్రూబడోర్ క్లబ్‌లో మెగ్విన్ పరిచయమయ్యాడు. బర్డ్స్‌కు బీజం అక్కడే పడింది.

1965లో బాబ్ డిలన్ రాసిన 'మిస్టర్ టాంబరిన్ మ్యాన్'ను బర్డ్స్ తమ బాణీలో పాడితే అది అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి చేరింది. బృందం సొంత పాటలకు మాత్రం జీన్ కలమే ఆధారం. పాట రాసినవారికి రాయల్టీ వేరుగా వస్తుంది. దాంతో ఆయన సంపాదన మిగతావారిని మించిపోయింది. అసూయ మొదలైంది. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడికి ఆ ఒత్తిడి బరువైంది. దానికి విమాన ప్రయాణమంటే ఉన్న భయం తోడైంది. 1966 ఆరంభంలో న్యూయార్క్ వెళ్లాల్సిన విమానంలో వణుకు పుట్టి దిగిపోయాడు. బృందంలో ఆయన ప్రస్థానం ఆ విమానం మెట్ల దగ్గరే ముగిసింది.

ఆయన వెళ్లిపోయే నాటికి విడుదలైన పాట 'ఎయిట్ మైల్స్ హై'. అది పుట్టిందే లండన్‌కు చేసిన విమాన ప్రయాణం నుంచి. మన పండిట్ రవిశంకర్ సితార్, జాన్ కోల్‌ట్రేన్ జాజ్ రెండూ ఆ పాటపై ప్రభావం చూపాయి. అది మత్తుమందుల గురించన్న అనుమానంతో కొన్ని రేడియో స్టేషన్లు ప్రసారం ఆపేశాయి.

తర్వాత జీన్ తన పల్లె మూలాల వైపు మళ్లాడు. 1967లో గాస్డిన్ సోదరులతో ఒక ఆల్బమ్ చేశాడు. మరుసటి ఏడాది బాంజో కళాకారుడు డగ్ డిల్లార్డ్‌తో జతకట్టాడు. పల్లె పాటల బాంజో, ఫిడేళ్లకు రాక్ ఊపు కలిపిన ఈ ధోరణికే కంట్రీ రాక్ అని పేరొచ్చింది. ఆ బృందంలో పనిచేసిన బెర్నీ లీడన్ తర్వాత 'ఈగల్స్' వ్యవస్థాపకుల్లో ఒకడయ్యాడు. వీరిద్దరూ కలిసి రాసిన పాట ఈగల్స్ తొలి ఆల్బమ్‌లో ఉంది. బాట వేసింది జీన్, దానిపై నడిచి కోట్లు గడించింది మరొకరు.

అందుకే 1972 నాటి కలయిక ఆయనకు మరో అవకాశం. నిర్మాత బాధ్యత క్రాస్బీ తీసుకున్నాడు. 1973 మార్చిలో అసైలమ్ సంస్థ ఆల్బమ్ విడుదల చేసింది. అమెరికా జాబితాలో 20వ స్థానం దాకా వెళ్లినా విమర్శకులు పెదవి విరిచారు. తలా ఒక దారిలో ఉన్నవారు తమ మంచి పాటలను సొంత రికార్డులకు దాచుకున్నారన్న మాట వినిపించింది. జీన్ మాత్రం ఏమీ దాచుకోలేదు. ఆల్బమ్‌లో మెచ్చుకోదగ్గవి ఆయన పాటలేనని చాలామంది ఒప్పుకున్నారు. మొదటి పాట 'ఫుల్ సర్కిల్' కలయిక కోసమే రాసినట్టు వినిపిస్తుంది కానీ, అది అంతకుముందే రాసుకున్నది. అనుకున్న కచేరీల యాత్ర జరగలేదు. బృందం మళ్లీ చెదిరింది.

ఆ పాటలు విన్న అసైలమ్ సంస్థ జీన్‌తో విడిగా ఒప్పందం చేసుకుంది. 1974లో 'నో అదర్' వచ్చింది. ఎనిమిది పాటల ఆ ఆల్బమ్‌కు లక్ష డాలర్లకు పైగా ఖర్చయింది. ప్రచారం లేక అమ్మకాలు పడిపోయాయి. అక్కడి నుంచి మద్యం, మత్తు, అనారోగ్యం ఆయనను వదల్లేదు. 1989లో టామ్ పెటీ జీన్ పాత పాటను తిరిగి పాడటంతో పెద్ద మొత్తంలో రాయల్టీ వచ్చింది. ఆ డబ్బే పాత వ్యసనాలకు మళ్లీ తలుపు తీసిందని జీవితచరిత్రకారులు చెబుతారు.

ఈలోగా బృందం పేరు ఎవరిదన్న వివాదం కోర్టుకెక్కింది. అయినా 1991 జనవరిలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం అందుకోవడానికి ఐదుగురూ ఒకే వేదికెక్కి కలిసి పాడారు. అదే చివరిసారి. మే 24న జీన్ కన్నుమూశాడు. వయసు 46.

పట్టించుకోని ఆ 'నో అదర్' 2019లో ఘనంగా పునర్విడుదలైంది. ఇప్పుడు దాన్ని ఆ దశాబ్దపు గొప్ప ఆల్బమ్‌లలో ఒకటిగా లెక్కిస్తున్నారు. టిప్టన్‌లోని ఆయన సమాధి రాతిపై పేరుతో పాటు చెక్కినవి ఆ రెండు మాటలే.