అంతరాత్మ ప్రబోధం: జాన్ వుల్మన్

అమెరికాలో బానిసత్వ నిర్మూలన అనగానే అబ్రహాం లింకన్ పేరు మనకు స్ఫురిస్తుంది. లింకన్ జన్మించడానికి ఎనభై తొమ్మిది సంవత్సరాల ముందు, 1720 అక్టోబరు 19న, న్యూజెర్సీ ప్రాంతంలోని ఒక రైతు కుటుంబంలో జన్మించిన జాన్ వుల్మన్ ఆ మహాకార్యానికి బాట వేసిన తొలి తరంవారిలో అగ్రగణ్యుడు. ఆయన పాలకుడు కాడు, సేనాని కాడు, సభలను ఉర్రూతలూగించే వక్త కూడా కాడు. వృత్తిరీత్యా దర్జీ. యౌవనంలో యజమాని ఆజ్ఞకు లోబడి రాసిన ఒక కాగితం ఆయనను జీవితాంతం వెంటాడింది. ఆ పశ్చాత్తాపం నుంచి పుట్టిన కృషి ఒక మతసమాజపు నడవడినే మార్చివేసింది.

వుల్మన్ జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ఆయన పుట్టి పెరిగిన క్వేకర్ సమాజాన్ని గురించి కొంత తెలుసుకోవాలి. 17వ శతాబ్ది మధ్యకాలంలో ఇంగ్లండులో జార్జి ఫాక్స్ అనే నేతపనివాని కుమారుడు ఈ సమాజానికి పునాది వేశాడు. ప్రతి మానవుని హృదయంలోనూ ఒక దైవజ్యోతి ప్రకాశిస్తూ ఉంటుందని, దానిని దర్శించడానికి పురోహితుని అవసరం లేదని ఆయన బోధించాడు. ఆయన అనుచరులు తమను మిత్రులని పిలుచుకున్నారు. దేవుని ఎదుట వణికేవారు అనే అర్థంలో ఇతరులు హేళనగా పెట్టిన క్వేకర్లు అనే పేరు మాత్రం లోకంలో స్థిరపడింది. వారు ప్రమాణాలు చేయరు, ఆయుధం పట్టరు, ఎంతటి అధికారి ఎదుటనైనా టోపీ తీసి వంగరు. ఈ కారణాల వల్ల వేలాదిమంది చెరసాలల పాలయ్యారు. 1689లో ఇంగ్లండు పార్లమెంటు మతసహన చట్టం చేసిన తరువాత గాని వారికి ఊరట లభించలేదు. అంతకు ముందే అనేక కుటుంబాలు అట్లాంటిక్ సముద్రం దాటి న్యూజెర్సీలోను, విలియం పెన్ స్థాపించిన పెన్సిల్వేనియాలోను స్థిరపడ్డాయి.

ఆ వలస గ్రామాలలో క్వేకర్లు నిర్మించుకున్న సమావేశ మందిరాలు వారి విశ్వాసానికి ప్రతిబింబాలు. వాటికి గోపుర శిఖరం ఉండదు, గంట మోగదు. లోపల బలిపీఠం లేదు, రంగుటద్దాల కిటికీలు లేవు, ప్రసంగవేదిక లేదు. నున్నని గోడల మధ్య వరుసగా వేసిన చెక్క బల్లలు మాత్రమే ఉంటాయి. స్త్రీలు ఒకవైపు, పురుషులు మరొకవైపు కూర్చొని, గంటల తరబడి మౌనంగా దైవప్రేరణ కోసం ఎదురుచూసేవారు. ప్రేరణ కలిగినవారు స్త్రీ అయినా పురుషుడైనా లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చునేవారు. ఎవరికీ ప్రేరణ కలగకపోతే ఆ సమావేశం మౌనంతోనే ముగిసేది.

సమాజ వ్యవహారాలు చర్చించడానికి నెలకొకసారి, మూడు నెలలకొకసారి, ఏడాదికొకసారి ప్రత్యేక సభలు జరిగేవి. అక్కడ ఓటింగు పద్ధతి లేదు. సభ్యులందరి మనసులు ఒక నిర్ణయం వద్ద కలిసినట్లు తోచినప్పుడు లేఖకుడు దానిని నమోదు చేసేవాడు. అందరి సమ్మతి లేనిదే ఏ మార్పూ జరగదు. ఈ పద్ధతిలో ఒక గొప్ప గుణం, ఒక పెద్ద లోపం రెండూ ఉన్నాయి. సమ్మతితో జరిగిన నిర్ణయం దృఢంగా నిలుస్తుంది. కాని అన్యాయం వల్ల లాభం పొందేవారు సభలో ఉన్నంతకాలం ఆ అన్యాయాన్ని తొలగించే నిర్ణయం వాయిదా పడుతూనే ఉంటుంది.

బానిసత్వం విషయంలో జరిగింది ఇదే. ప్రతి మనిషిలోనూ దైవజ్యోతి ఉందని నమ్మిన క్వేకర్లలో ఎందరో సంపన్నులు ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషులను కొని, పొలాలలోను ఇళ్లలోను వెట్టి చేయించుకునేవారు. 1688లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌కు చెందిన నలుగురు ఈ అన్యాయాన్ని ఖండిస్తూ ఒక విన్నపం సమర్పించారు. అది మాస సభ నుంచి త్రైమాసిక సభకు, అక్కడి నుంచి వార్షిక మహాసభకు చేరి, చివరకు మరుగున పడింది. 1738లో బెంజమిన్ లే అనే మరుగుజ్జు మనిషి బర్లింగ్టన్ పట్టణపు మహాసభలో ఎర్రని పండ్లరసం నింపిన తిత్తిని కత్తితో పొడిచి, చుట్టుపక్కల కూర్చున్న వారిపై నెత్తురువలె చిమ్మించాడు. సమాజం ఆయనను వెలివేసింది. ధనికుల మనసు మాత్రం మారలేదు.

అటువంటి కాలంలో వుల్మన్ పెరిగాడు. పదముగ్గురు సంతానంలో ఒకడైన ఆయన బాల్యమంతా రాంకోకస్ వాగు సమీపంలోని పొలంలో గడిచింది. ఆదివారం సమావేశం ముగిసిన తరువాత తల్లిదండ్రులు పిల్లల చేత బైబిలును, ఇతర సద్గ్రంథాలను చదివించేవారు. చిన్ననాడు ఆయన ఒక పక్షిని రాళ్లతో కొట్టి చంపాడు. మరుక్షణమే, గూటిలోని పిల్లలు తల్లి లేక అలమటించి చనిపోతాయన్న ఆలోచన ఆ పసివాడిని కలచివేసింది. వేరే దారి తోచక ఆ పిల్లలను కూడా చంపవలసి వచ్చింది. చేతులారా చేసిన ఆ హింసను ఆయన పెద్దవాడైన తరువాత కూడా మరచిపోలేదు.

ఇరవై ఒకటవ ఏట వుల్మన్ మౌంట్ హాలీ గ్రామంలో ఒక వర్తకుని దుకాణంలో గుమాస్తాగా చేరాడు. ఆ యజమానికి ఒక నల్లజాతి బానిస స్త్రీ ఉండేది. ఆయన ఆమెను అమ్మదలచి, విక్రయపత్రం రాయమని వుల్మన్‌ను ఆదేశించాడు. కొనే వ్యక్తి ఎదురుగా నిలిచి ఉన్నాడు. ఆయన వృద్ధుడు, పైగా క్వేకర్. తన సాటి మనిషిని సరుకువలె అమ్మే పత్రం రాయడానికి వుల్మన్ మనసు ఒప్పుకోలేదు. కాని తాను జీతగాడు, ఆజ్ఞ ఇచ్చినవాడు యజమాని, కొనేవాడు సమాజంలో పెద్ద. ఈ మూడు కారణాలు ఆయన చేతిని నడిపించాయి. పత్రం రాశాడు. ఆ తరువాత, మనిషిని బానిసగా ఉంచుకోవడం క్రైస్తవ ధర్మానికి విరుద్ధమని తాను నమ్ముతున్నట్లు వారిద్దరి ఎదుటే చెప్పాడు. చెప్పడం వల్ల బరువు కొంత తగ్గింది గాని పూర్తిగా దిగలేదు. అంతరాత్మ వద్దన్నప్పుడే తాను కలం కింద పెట్టవలసిందని ఆయనకు అర్థమైంది. ఆ స్త్రీ పేరు చరిత్రకు అందలేదు. వుల్మన్ చేసిన తరువాతి కృషి అంతటికీ ఆమె మౌనసాక్షి.

కొంతకాలానికి మరొక క్వేకర్ యువకుడు అటువంటి పత్రమే రాయమని కోరినప్పుడు వుల్మన్ స్నేహపూర్వకంగా, దృఢంగా నిరాకరించాడు. చదువు, రాత బాగా తెలిసినవాడు కావడంతో చుట్టుపక్కలవారు వీలునామాలు రాయించుకోవడానికి ఆయన వద్దకే వచ్చేవారు. బానిసలను వారసులకు సంక్రమింపజేసే వీలునామా ఏదీ తాను రాయనని ఆయన నియమం పెట్టుకున్నాడు. ఒకసారి తీవ్రంగా గాయపడిన పొరుగువాడొకడు వీలునామా రాయమని కోరాడు. వుల్మన్ ఆస్తి వివరాలన్నీ రాసి, బానిస బాలికకు సంబంధించిన భాగాన్ని మాత్రం వదిలిపెట్టి, మంచం వద్దకు వెళ్లి తన సంకోచాన్ని మృదువుగా వివరించాడు. ఆ రోగి ఆలోచించి బాలికకు స్వేచ్ఛ ఇవ్వడానికి అంగీకరించాడు. అప్పుడు వుల్మన్ వీలునామాను పూర్తిచేశాడు.

1746లో ఆయన మేరీలాండ్, వర్జీనియా, ఉత్తర కరొలినా ప్రాంతాలలో పర్యటించి బానిసల దుర్భర జీవితాన్ని కళ్లారా చూశాడు. బానిసల శ్రమతో సమకూరిన అన్నం తింటూ, వారు పరిచిన పక్కపై నిద్రించడం ఆయనకు బాధ కలిగించింది. ఆ అనుభవంతో ఒక వ్యాసం రాసి చాలాకాలం దాచి ఉంచాడు. 1750లో మరణశయ్యపై ఉన్న తండ్రి దానిని ప్రచురించమని ప్రోత్సహించాడు. 1754లో ఆ వ్యాసం ఫిలడెల్ఫియాలో అచ్చయింది; రెండవ భాగం 1762లో వెలువడింది. 1757లో మరల దక్షిణ ప్రాంతాలకు వెళ్లినప్పుడు, ఆతిథ్యం ఇచ్చిన ఇళ్లలో తనకు సేవ చేసిన బానిసలకు ఆయన వేతనంగా డబ్బు ఇచ్చేవాడు. కొన్నిచోట్ల ఆ సొమ్మును యజమాని చేతికే ఇచ్చి వారికి అందజేయమని కోరేవాడు. ఆతిథ్యానికి డబ్బు ఇవ్వడం ఇంటివారికి ఇబ్బంది కలిగించేది. వుల్మన్‌కు కూడా అది సులభమైన పని కాదు. అయినా ఒక్క నిందావాక్యం లేకుండా, ఆ చిన్న నాణేలే యజమాని మనసులో ప్రశ్నను రేకెత్తించేవి.

ఆయన స్వంత జీవితం కూడా ఈ ధర్మానికి అనుగుణంగా మారుతూ వచ్చింది. 1749లో సారా ఎల్లిస్‌ను వివాహం చేసుకొని, కుట్టుపనితో పాటు చిన్న దుకాణం నడిపాడు. వ్యాపారం వృద్ధి చెంది లాభాలు పెరిగేసరికి, ఆ వ్యాపకం తన మనసును బంధిస్తున్నదని గ్రహించి 1756లో దానిని వదిలివేశాడు. దర్జీపని, పండ్లతోట ఆయనకు జీవనాధారమయ్యాయి. వెస్టిండీస్ దీవులలో బానిసల చేత పండిస్తున్న చెరకు నుంచి వచ్చే చక్కెరను మానుకున్నాడు. రంగులు మురికిని కప్పిపుచ్చుతాయే గాని తొలగించవన్న భావంతో అద్దకం లేని తెల్లని బట్టలు ధరించాడు.

1758లో ఫిలడెల్ఫియా వార్షిక మహాసభలో బానిసల ప్రశ్న మళ్లీ చర్చకు వచ్చింది. భగవంతుడే ఎప్పుడో ఒక మార్గం చూపుతాడని, అంతవరకు వేచి ఉండాలని కొందరు వాదించారు. చాలాసేపు మౌనంగా విన్న వుల్మన్ చివరకు లేచాడు. బానిసల మొర దేవుని చెవిన పడిందని, కొందరి స్వార్థాన్ని, స్నేహాలను చూసుకొని కర్తవ్యాన్ని ఆలస్యం చేస్తే దేవుడు భయంకరమైన రీతిలో సమాధానం చెప్పవచ్చునని హెచ్చరించాడు. సభ మనసు కదిలింది. ఇకపై బానిసలను కొన్నవారిని, అమ్మినవారిని సమాజ వ్యవహారాల నుంచి దూరంగా ఉంచాలని నిర్ణయమైంది. బానిసలున్న సభ్యుల ఇళ్లకు వెళ్లి నచ్చజెప్పడానికి ఒక బృందం ఏర్పడింది. అందులో వుల్మన్ ఒకడు. ఏళ్ల తరబడి ఆయన గడప గడపకూ తిరిగాడు. యజమానులను శత్రువులుగా చూడలేదు. బానిసత్వం బానిస శరీరాన్ని, యజమాని ఆత్మను రెండింటినీ పాడుచేస్తుందని నమ్మి, ఇద్దరి క్షేమం కోసమూ మాట్లాడాడు.

1763లో ఆదివాసులకు, తెల్లవారికి మధ్య యుద్ధం చెలరేగుతున్న వేళ ఆయన సస్క్వెహానా నదీతీరంలోని వయలూసింగ్ అనే ఆదివాసి గ్రామానికి ప్రయాణించాడు. ఒకనాటి సమావేశంలో దుబాసీలను ఆపమని చెప్పి తన భాషలోనే ప్రార్థించాడు. మాటలు అర్థం కాకపోయినా అవి పుట్టిన చోటును అనుభవించడం తనకు ఇష్టమని పపునెహాంగ్ అనే నాయకుడు తరువాత తెలియజేశాడు.

1772లో వుల్మన్ ఇంగ్లండుకు బయలుదేరాడు. ఓడలోని అలంకృతమైన గదిని కాదని, నావికులతో పాటు దిగువ అంతస్తులో ప్రయాణించి వారి కష్టాలను తెలుసుకున్నాడు. వేగం కోసం గుర్రాలను, వాటిని తోలే బాలురను హింసిస్తున్నారని విని, గుర్రపు బండి ఎక్కకుండా కాలినడకనే ఉత్తరాదికి సాగాడు. యార్క్ నగరం చేరిన కొద్ది రోజులకే మశూచి సోకింది. ఆ సంవత్సరం అక్టోబరు 7న ఆయన కన్నుమూశాడు. అక్కడి క్వేకర్ శ్మశానవాటికలోనే ఆయనను ఖననం చేశారు.

ఆయన దినచర్య గ్రంథం 1774లో ప్రచురితమైంది. 1776లో ఫిలడెల్ఫియా మహాసభ, బానిసలను విడిచిపెట్టని వారికి సమాజంలో స్థానం లేదని తీర్మానించింది. 1688లో మరుగున పడిన విన్నపానికి ఎనభై ఎనిమిదేళ్ల తరువాత సమాధానం దొరికింది. 1787లో బానిస వ్యాపారాన్ని రద్దు చేయించడానికి లండన్‌లో ఏర్పడిన సంఘపు పన్నెండుమంది సంస్థాపకులలో తొమ్మిదిమంది క్వేకర్లే. 1807లో బ్రిటిష్ పార్లమెంటు ఆ వ్యాపారాన్ని నిషేధించింది. అమెరికాలో బానిసత్వం 1865లో రాజ్యాంగ సవరణతో అంతమైంది. అయితే క్వేకర్ల పరివర్తన కూడా సంపూర్ణం కాదు. 19వ శతాబ్దంలో సైతం ఫిలడెల్ఫియాలోని సమావేశ మందిరంలో నల్లజాతివారిని వేరే బల్లపై కూర్చోబెట్టిన సందర్భాలున్నాయి. సంకెళ్లు తెంచినంత త్వరగా మనసులోని గోడలు కూలవని ఈ ఉదంతం తెలుపుతున్నది.

అన్యాయం తరచుగా ఒక మామూలు పని రూపంలో మన ఎదుటికి వస్తుంది. అది రాయవలసిన ఒక పత్రం కావచ్చు, పాటించవలసిన ఒక ఆజ్ఞ కావచ్చు. వుల్మన్ మొదటిసారి తలవంచాడు. కాని ఆ తప్పుకు సాకులు వెతకలేదు. అదే కలాన్ని బానిసల విముక్తికి వినియోగించి, మిగిలిన మూడు దశాబ్దాల జీవితంతో ఆ ఒక్క పత్రపు రుణం తీర్చుకున్నాడు.