మూగజీవుల మనసెఱిగిన మహర్షి

సర్వభూతముల హృదయములందును శ్రీమన్నారాయణుడు అంతర్యామియై వేంచేసియున్నాడని మనము నిత్యము వినుచుందుము. ఆ మాట మన పెరటిలోని ఆవునకును, వాకిటనున్న కుక్కకును వర్తించునా అను ప్రశ్న వచ్చినపుడు మాత్రము తడబడుదుము.

ఇటీవల హబ్సిగూడలో ఒక వైష్ణవ గృహమున పదునాలుగేండ్లు పెరిగిన కుక్క మరణించెను. దాని మనస్సు తమకును, తమ మనస్సు దానికిని మాట లేకయే తెలిసెడిదని చెప్పి ఆ యింటి పెద్దమ్మగారు కంటతడి పెట్టిరి. కుక్క కొఱకు ఏడ్చుట తగదని బంధువులు మందలించిరట. అది దోషమా అని ఆమె నన్నడిగిరి. శాస్త్రవాక్యములకంటె ముందుగా నాకు స్ఫురించినది ఒక మహనీయుని జీవితము.

1879 డిసెంబరు 30వ తేదీన తమిళదేశమందలి తిరుచ్చుళి గ్రామమున వేంకటరామన్ అను బాలుడు జన్మించెను. ఆ పేరు మన ఏడుకొండలవానిదే. పదునాఱేండ్ల ప్రాయమున, మధురలో, హఠాత్తుగా మృత్యుభయము కలుగగా, తాను దేహము కానని నిశ్చయించుకొని, 1896 సెప్టెంబరు 1న అరుణాచలము చేరెను. ఆయనయే శ్రీ రమణ మహర్షి. దేహము చాలించువఱకు ఆ క్షేత్రమును విడువలేదు. రమణ నామమును 1907లో నిలిపినవారు బొబ్బిలి సమీపమందలి కలువరాయి గ్రామమున పుట్టిన మన కావ్యకంఠ గణపతిముని. మహర్షి మార్గము అద్వైతము, మన సంప్రదాయము వేఱు. అయినను భూతదయ విషయమున ఆ భేదమునకు తావు లేదు.

వారు కొండపై విరూపాక్షగుహలో నివసించు దినములలో, తోటి కోతులు కఱచి విడిచిన ఒక కుంటికోతిని చేరదీసి సాకిరి. మనుష్యుల చేయి సోకిన కోతిని మూక మరల చేర్చుకొనుట అరుదు. కాని దానిని చేర్చుకొనుటయే కాక, కాలక్రమమున తమ రాజుగా కూడ చేసికొనెను. కోతుల కూతలలోని భేదములను మహర్షి ఎఱుగుదురనియు, మూకల తగవులను తీర్చిరనియు భక్తులు వ్రాసియున్నారు. పాములు కనబడినపుడు కొట్టనిచ్చెడివారు కారు. వాని చోటికి మనమే అతిథులుగా వచ్చితిమని వారి భావము. కమల అను కుక్క, వారు చెప్పినంతనే, క్రొత్తగా వచ్చిన యాత్రికులను వెంటబెట్టుకొని కొండపైని తీర్థములను చూపి తీసికొనివచ్చెడిది. కుక్కలను పిల్లలని పిలిచి, వానికి అన్నము పెట్టిరా అని ముందుగా విచారించెడివారు. ఆవును గూర్చి చెప్పునపుడు అది అనక ఆమె అనెడివారు.

1926లో గుడియాత్తం సమీపమందలి కుమారమంగళము నుండి ఒక భక్తుడు ఆవును, పెయ్యను తెచ్చి సమర్పించెను. ఆ పెయ్యయే లక్ష్మి. చిఱుతపులుల భయముచేత కొంతకాలమునకు వానిని పట్టణమున ఒకరి యింట నుంచిరి. ఒకమాఱు ఆశ్రమమునకు తోలుకొని రాగా పెయ్య దారి గుర్తుంచుకొనెను. నాటినుండి ప్రతిదినము ఉదయము ఒంటరిగా వచ్చి, సాయంకాలము తిరిగి పోయెడిది. పిదప ఆశ్రమముననే స్థిరపడెను. భోజనవేళకు తప్పక మహర్షి కూర్చుండు హాలునకు వచ్చెడిది. గోశాల గృహప్రవేశము నాడు తప్పించుకొని వచ్చి మహర్షి యెదుట నిలిచి, వారు లేచి వెంట నడచువఱకు కదలలేదు. ఆశ్రమవాసినియైన సూరి నాగమ్మగారు తన సోదరునకు తెలుగులో వ్రాసిన లేఖలలో ఈ లక్ష్మి ముచ్చటలు మనకు దక్కినవి.

1948 జూన్ 18, సర్వధారి సంవత్సర జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి, శుక్రవారము. లక్ష్మికి అంత్యకాలము సమీపించెను. మహర్షి గోశాలకు పోయి, ప్రక్కన కూర్చుండి, తలపైనను హృదయముపైనను చేతులుంచిరి. 1922లో తల్లి అళగమ్మగారు ప్రాణము విడుచునపుడును వారు ఇట్లే చేసిరి. లక్ష్మి ప్రశాంతముగా కన్నుమూసెను. వల్లి అను లేడి, జాకీ అను కుక్క, ఒక కాకి సమాధులున్న చోటనే ఆమెకును శాస్త్రోక్తముగా సమాధి కట్టిరి. ఆమె ముక్తి నొందినదని మహర్షి తమిళమున పద్యము రచింపగా దానిని అచ్చట చెక్కించిరి. అది మర్యాదకు వ్రాసిన మాటయా, యథార్థమా అని ఒక భక్తుడు సందేహింపగా, యథార్థమేయని వారు స్పష్టపఱచిరి. పిమ్మట రెండేండ్లకు, 1950 ఏప్రిల్ 14న, వారును నిర్యాణము చెందిరి.

ఇదంతయు ఏదో మంత్రసిద్ధియని తలపరాదు. మహర్షి ఆ జీవులను తమకంటె తక్కువవారుగా చూడలేదు. అవి వచ్చినపుడు తీరిక లేదనలేదు. వాని కూతను, చూపును, నడకను శ్రద్ధగా గమనించిరి. అంతటి ఆదరము లభించినచోట జంతువు కూడ తన మనసును దాచుకొనదు.

ఇది మనకు క్రొత్త కాదు. శ్రీరామచంద్రుడు జటాయువునకు స్వహస్తములతో ఉత్తరక్రియలు జరిపి ఉత్తమగతి నొసగెను. మొసలి నోట చిక్కిన గజేంద్రుని మొఱ విని శ్రీహరి వైకుంఠము నుండి పరువెత్తి వచ్చెను. పక్షికై దుఃఖించిన స్వామిని పూజించువారికి కుక్కకై దుఃఖించుట దోషమెట్లగును?

ఆ తల్లికి నేనిదియే విన్నవించితిని. అయితే ఒక మాట చేర్చితిని. పిల్లగా నున్నపుడు ముద్దుచేసి, ముసలిదైన పిదప వీధిలో విడుచుట మాత్రము దోషమే. మహర్షివలె ముక్తినొసగు చేయి మనకు లేదు. వేళకు కూడు, నీరు పెట్టి, కడవఱకు కాపాడి, కన్నుమూయునపుడు ప్రక్కన కూర్చుండి గోవిందనామము చెవిని వేయుట మన చేతిలోనిదే. పదునాలుగేండ్లును ఆమె చేసినది అదియే. చివరి రాత్రి కూడ దాని ప్రక్కనే కూర్చుంటినని చెప్పి ఆమె కన్నులు తుడుచుకొనిరి.

శ్రీనివాసుడు సకల జీవులను కాపాడుగాక.