తీరాన్ని నమ్ముకున్న చిత్రకారుడు – యూజీన్ బూదేన్

ఫ్రాన్సు దేశపు ఉత్తర తీరంలో నార్మండీ అనే ప్రాంతం ఉంది. పారిస్ నగరం మీదుగా ప్రవహించే సీన్ నది అక్కడే ఇంగ్లిష్ ఛానల్‌లో కలుస్తుంది. ఆ నదీముఖానికి ఒక ఒడ్డున ఓన్‌ఫ్లర్, మరొక ఒడ్డున లె హావ్ర్ అనే రేవు పట్టణాలు ఉన్నాయి. క్షణక్షణమూ రంగులు మార్చుకొనే ఆ తీరపు ఆకాశాన్నీ, అలలనూ, ఓడలనూ జీవితాంతం చిత్రించిన కళాకారుడు యూజీన్ బూదేన్. ఇంప్రెషనిజం అనే చిత్రకళోద్యమానికి దారి చూపినవారిలో ఆయన ముఖ్యుడు.

బూదేన్ 1824 జూలై 12న ఓన్‌ఫ్లర్‌లో జన్మించాడు. తండ్రి నావికుడు. బూదేన్ బాల్యంలో తండ్రితోపాటు పడవలో పనిచేశాడు. గాలి ఎటు వీస్తున్నదో, మబ్బు ఎప్పుడు కమ్ముతుందో కనిపెట్టడం నావికులకు జీవన్మరణ సమస్య. ఆకాశాన్ని శ్రద్ధగా పరిశీలించే అలవాటు ఆయనకు ఆ వాతావరణంలోనే అబ్బింది. 1835లో ఆ కుటుంబం లె హావ్ర్‌కు తరలివెళ్ళింది. బూదేన్ చదువు కొద్దికాలంతోనే ముగిసింది. చిన్న వయసులోనే కొలువులో చేరి, కొంతకాలానికి కాగితాలు, రాతసామగ్రి అమ్మే దుకాణంలో కుదురుకున్నాడు.

1844లో మరొకరితో కలిసి తానే ఒక దుకాణం తెరిచాడు. అక్కడ చిత్రాలకు చట్రాలు కూడా కట్టేవారు. ఆ ప్రాంతానికి వచ్చే చిత్రకారులు తమ చిత్రాలను అక్కడ ప్రదర్శనకు ఉంచేవారు. రైతు జీవితాన్ని చిత్రించి ప్రసిద్ధుడైన మిలే వారిలో ఒకడు. వారి సాంగత్యం బూదేన్‌లో నిద్రిస్తున్న కళాతృష్ణను మేల్కొల్పింది. చిత్రకారుని బతుకులో ఎన్ని కష్టాలుంటాయో తెలిసి కూడా, ఇరవై రెండేళ్ళ వయసులో వ్యాపారం విడిచి కుంచె పట్టాడు.

1851లో లె హావ్ర్ పురపాలక సంఘం ఆయనకు మూడేళ్ళపాటు విద్యార్థి వేతనం మంజూరు చేసింది. బూదేన్ పారిస్ చేరి, లూవ్ర్ చిత్రశాలలోని ప్రాచీన చిత్రాలకు నకళ్ళు వేస్తూ కృషి చేశాడు. ఆ రోజుల్లో పురాణ గాథలనూ, చారిత్రక ఘట్టాలనూ చిత్రించినవారికే గౌరవం దక్కేది. ఆ మార్గం పట్టి ఉంటే ఆయనకు పేరూ ధనమూ త్వరగా లభించేవేమో! కాని బూదేన్ మనసు తాను పుట్టి పెరిగిన తీరాన్నే కోరుకుంది. దారిద్ర్యానికి సిద్ధపడి ఆయన తిరిగి నార్మండీ చేరాడు.

నాటి చిత్రకారులు సాధారణంగా ఆరుబయట చిత్తు రచనలు చేసుకొని, అసలు చిత్రాన్ని గదిలో పూర్తిచేసేవారు. బూదేన్ వీలైనంతవరకు ప్రకృతి ఎదుట నిలిచే చిత్రించాడు. 1841లో తగరపు గొట్టాలలో రంగులు నింపే విధానం రూపొందడం వల్ల అటువంటి కృషి సులభమైంది. ఆయన వందలకొద్దీ ఆకాశ చిత్రాలను పాస్టెల్ రంగులతో వేసి, వాటిపై తేదీ, వేళ, గాలి దిశ రాసుకొనేవాడు. 1859లో ఆయన చిత్రశాలను దర్శించిన కవి బోదిలేర్, ఆ రాతలను చేతితో కప్పివేసినా చిత్రాన్ని బట్టే ఋతువునూ, వేళనూ, గాలినీ గుర్తించవచ్చని ప్రశంసించాడు. సుప్రసిద్ధ చిత్రకారుడు కోరో ఆయనను ఆకాశాలకు రాజుగా అభివర్ణించాడు.

బూదేన్ జీవితంలో మరువరాని ఘట్టం క్లాడ్ మోనెతో పరిచయం. అప్పటికి మోనె లె హావ్ర్‌లో వ్యంగ్య చిత్రాలు వేసి అమ్ముకుంటున్న యువకుడు. బూదేన్ కంటే పదహారేళ్ళు చిన్నవాడు. ఒక దుకాణంలో ఇద్దరి చిత్రాలనూ పక్కపక్కనే ప్రదర్శించేవారు. బూదేన్ చిత్రాలు మోనెకు మొదట రుచించలేదు. బూదేన్ ఆహ్వానాన్ని ఆయన పలుమార్లు తప్పించుకున్నాడు. చివరకు 1858 ప్రాంతంలో బూదేన్ వెంట వెళ్ళి, ఆరుబయట చిత్రరచన సాగుతున్న తీరు చూశాడు. ఆనాడే తన కళ్ళు తెరుచుకున్నాయనీ, తాను చిత్రకారుడు కావడం బూదేన్ చలవేననీ మోనె అనంతర కాలంలో సగర్వంగా చెప్పుకున్నాడు.

1862 నుండి బూదేన్ త్రూవిల్ సముద్రతీరంలో విహరించే సంపన్నులను చిత్రించసాగాడు. విశాలమైన ఆకాశం కింద, గాలికి రెపరెపలాడే దుస్తులతో కూర్చున్న ఆ మనుషులు చిన్న చిన్న రంగుల మచ్చలుగా కనిపిస్తారు. ఈ చిత్రాలకు కొంత ఆదరణ లభించింది. అయితే 1867లో బ్రిటనీ ప్రాంతపు శ్రమజీవుల మధ్య గడిపి వచ్చాక, ఆ విలాస దృశ్యాలు ఆయనకు వెగటు కలిగించాయి. క్రమంగా రేవులూ, ఓడలూ, జాలరులూ, ఏటి ఒడ్డున బట్టలుతికే స్త్రీలూ ఆయన చిత్రాలలో ప్రధాన స్థానం పొందారు.

1874లో మోనె, ఆయన మిత్రులు పారిస్‌లో స్వతంత్రంగా ఒక ప్రదర్శన ఏర్పాటు చేశారు. యాభై ఏళ్ళు నిండబోతున్న బూదేన్ కూడా అందులో పాల్గొన్నాడు. లె హావ్ర్ రేవులో సూర్యోదయాన్ని చూపే మోనె చిత్రం పేరును పట్టుకొని ఒక విమర్శకుడు ఆ బృందాన్ని ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి నుండే ఇంప్రెషనిజం అన్న పేరు పుట్టింది. గురువు చూపిన తీరమే శిష్యుని చిత్రం ద్వారా ఒక ఉద్యమానికి నామకరణం చేసింది.

బూదేన్‌కు గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 1881లో ద్యురాన్ రుయేల్ అనే చిత్రాల వర్తకుడు ఆయన చిత్రాలను కొనడం ప్రారంభించాక ఆర్థికంగా స్థిమితపడ్డాడు. 1889లో భార్య మరణం ఆయనను కుంగదీసింది. 1892లో ఫ్రాన్సు ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారంతో సత్కరించింది. ఆ వార్ధక్యంలోనూ ఆయన వెనిస్ మొదలైన చోట్లకు వెళ్ళి చిత్రాలు వేశాడు. అంత్యకాలం సమీపించినప్పుడు తన సముద్రం చెంతకే చేరి, 1898 ఆగస్టు 8న దోవిల్‌లో కన్నుమూశాడు.

ఓన్‌ఫ్లర్‌లోని చిత్రశాల నేడు ఆయన పేరుతోనే వెలుగొందుతున్నది. ఏ పట్టణం ఇచ్చిన వేతనంతో ఆయన చిత్రకళ నేర్చాడో, ఆ లె హావ్ర్ చిత్రశాలకు 1900లో ఆయన సోదరుడు రెండు వందలకు పైగా చిత్రాలను సమర్పించాడు. ఆ విధంగా బూదేన్ తన ఊరి ఋణం తీర్చుకున్నాడు. తన చుట్టూ ఉన్న సామాన్య ప్రకృతిలోనే కళకు తరగని నిధి ఉన్నదని నిరూపించిన ధన్యజీవి ఆయన.